అలసిన ప్రాణము – మన కర్తవ్యము

(డోంగ్లిలో సంఘ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవముల సందర్భమున మన పెద్దలను గూర్చి చాలా మాటలు వింటున్నాము. అందులో ఒక మాట ప్రతి నోటా వస్తున్నది. "అలుపెరుగక సేవ చేసిన వారు" అని. మెదకు మహా దేవాలయము కరువు రోజులలో కట్టినది. ఆకలిగొన్న వేలాది మందికి అక్కడ పని దొరికినది, అన్నము దొరికినది. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. ఆ పని తలకెత్తుకున్న పాస్నెట్ దొరగారిని గూర్చి ఈ మాటే అంటాము. డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఆశ్రయము కల్పించి 1932లో కన్నుమూసిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారిని గూర్చి కూడా ఈ మాటే అంటాము. ఊరూరా తిరిగి వాక్యము చెప్పిన మన ఉపదేశకులను గూర్చి, బైబిలు స్త్రీలను గూర్చి ఈ మాటే.

వారి సేవను నేను తక్కువ చేయడము లేదు. అయితే వారు అలసిపోలేదని మనకెవరు చెప్పారు? అలసిపోయే ఉంటారు. వారు అలసినది మనము వ్రాసుకోలేదు, అంతే. మన ప్రభువే ప్రయాణపు బడలికతో సుఖారు ఊరి బావి దగ్గర కూర్చుండిపోయాడు. తుఫానులో దోనె ఊగిపోతుంటే తలగడ మీద తల పెట్టి నిద్రపోయాడు. సువార్తికులు ఈ రెండు సంగతులు దాచలేదు. మనమే దాస్తున్నాము. అలసట అనేది సోమరితనమో, విశ్వాసములో లోపమో అన్నట్లు మాట్లాడుతున్నాము. అందువలన అలసిన వారు నోరు విప్పరు. నోరు విప్పక పోవడము వలన వచ్చే నష్టము చిన్నది కాదు కనుక ఈ పూట దీనిని గూర్చి మాట్లాడదలచుకున్నాను.

నేను చెప్పేది ఒంటి అలసటను గూర్చి కాదు. పత్తి ఏరి వచ్చిన మనిషి ఒక పూట అన్నము తిని, ఒక రాత్రి పండుకుంటే తెల్లవారి లేస్తాడు. అది ఆరోగ్యకరమైన అలసట. ఇంకొక అలసట ఉన్నది. పండుకున్నా పోదు. తెల్లవారి లేచేసరికే ఉంటుంది. దానికి మన తెలంగాణ పల్లెలో మంచి మాట ఉన్నది. "పానం యాష్టకొచ్చింది" అంటారు. అది రావడానికి ముందుండే దిగులును "రంది" అంటారు. మన డోంగ్లి సరిహద్దు గ్రామము కదా, మరాఠీ మాట్లాడే అమ్మలు "కంటాళా" అంటారు. విసుగు, ఏదీ వద్దనిపించుట, రెండూ ఆ మాటలో ఉన్నాయి. ఈ మాటలు మన తాతల నాటివి. అంటే ఈ బాధ కొత్తది కాదు, పట్నము వారికి మాత్రమే వచ్చేదీ కాదు.

రైతులకు సులభముగా అర్థమయ్యేటట్లు చెపుతాను. బోరులో నీళ్ళు అడుగంటినవి. మోటారు మాత్రము నడుస్తూనే ఉన్నది. పైన గుంజడానికి ఏమీ లేదు. కొంత సేపటికి మోటారు వేడెక్కి వైండింగు కాలిపోతుంది. అప్పుడు మెకానిక్కును పిలిచి మోటారును తిట్టము కదా! నీళ్ళు ఎందుకు తగ్గినవి, ఎన్ని గంటలు నడిపినాము అని అడుగుతాము. మనుష్యుల విషయములో మాత్రము మోటారునే తిడుతున్నాము.

విద్వాంసులు దీనిని చాలా కాలముగా పరిశోధిస్తున్నారు. 1936లో హాన్స్ సెల్యే అనే వైద్య శాస్త్రజ్ఞుడు ఒత్తిడికి గురైన శరీరము మూడు దశలలో నడుస్తుందని చెప్పాడు. మొదట ఉలిక్కిపడుతుంది, గుండె వేగముగా కొట్టుకుంటుంది. తరువాత ఎదురు నిలిచి ఓర్చుకుంటుంది. ఒత్తిడి ఆగకుండా సాగితే చివరకు నిల్వలన్నీ ఖర్చయి చతికిలబడుతుంది. ఆ రెండవ దశలోనే మనకు మోసము జరుగుతుంది. మనిషి చాలా బాగా పని చేస్తున్నట్లు కనిపిస్తాడు. అందరూ మెచ్చుకుంటారు, ఇంకొక బరువు ఎత్తిపెడతారు. లోపల మాత్రము నిల్వ తరుగుతూ ఉంటుంది.

1974లో న్యూయార్కులో హెర్బర్ట్ ఫ్రాయ్డెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉచిత వైద్యశాలలో సేవ చేసే స్వచ్ఛంద సేవకులను చూచి, వారు లోపల కాలిపోయిన వారి వలె అయిపోతున్నారని వ్రాశాడు. గమనించండి, అతడు చూచినది జీతము కోసము పనిచేసిన వారిని కాదు, ప్రేమ కొద్దీ వచ్చిన వారిని. తరువాత 1981లో క్రిస్టినా మాస్లాక్ అనే ఆమె, ఆమె సహచరి సూసన్ జాక్సన్ దీనిని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. అందులో మూడు సంగతులు చూస్తారు. మనస్సులోని శక్తి అంతా ఇంకిపోవడము ఒకటి. ఎవరి కోసము పాటుపడుతున్నామో వారి మీదే మనస్సు మొద్దుబారడము రెండవది. నేను చేసినదంతా వృథా అనిపించడము మూడవది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల పట్టికలో 2022 జనవరి నుండి అమలులోనున్న కూర్పు ఈ స్థితిని పేర్కొన్నది. దీనిని రోగమని వారు అనలేదు, పని వలన కలిగే పరిస్థితి అన్నారు. పని అంటే ఉద్యోగము చేసే చోటు మాత్రమే లెక్క. ఇక్కడ నాకు వారితో చిన్న పేచీ ఉన్నది. మంచములో పడిన అత్తను మూడేండ్లు చూచిన కోడలి పని వారి లెక్కలో పని కాదు. డోంగ్లిలో మాత్రము అది పనే.

మన మధ్య ఇది ఎవరికి వస్తున్నది? వేరే ఊళ్ళకు పోనక్కరలేదు. 2025 ఆగస్టు చివర మన కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలను మరువలేము. మంజీర వెంట పొలములు నీట మునిగినవి. సోయా, పత్తి వేసిన రైతు విత్తనానికి, ఎరువుకు చేసిన అప్పు అట్లే ఉన్నది. నీళ్ళు తీసిన తరువాత అధికారులు వచ్చి పంట నష్టము వ్రాసుకొనిపోతారు. ఆ మనిషి గట్టు మీద కూర్చున్న గంటలు ఏ కాగితము మీదా ఎక్కవు.

బాన్సువాడ, కామారెడ్డి, నిజామాబాదు వైపు బీడీలు చుట్టే మన సహోదరీలు ఎందరో ఉన్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు నానబెట్టాలి, కత్తిరించాలి, చుట్టాలి, దారము కట్టాలి, కార్ఖానాలో అప్పగించాలి. బాగా లేనివి తీసి పారేస్తే ఆ కష్టము పోయినట్లే. భర్త దుబాయిలోనో మస్కట్టులోనో ఉంటాడు. ఫోనులో ఆమె "అంతా మంచిగనే ఉన్నం" అంటుంది, అతడూ అక్కడి నుండి అదే అంటాడు. ఇద్దరూ ఒకరిని ఒకరు కాపాడుకుంటున్నామనుకొని ఇద్దరూ ఒంటరివారవుతున్నారు. ఆశా కార్యకర్తల సంగతి చూడండి. 2020లో, 2021లో కరోనా రోజులలో ఇతరుల ఇంటి తలుపు తట్టడానికి ఊరంతా భయపడినప్పుడు వారు తట్టారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశములోని ఆశాలందరికీ కలిపి పురస్కారమిచ్చినది. సంతోషమే. ఆ తరువాత "నీకు నిద్ర పడుతున్నదా అమ్మా" అని మనలో ఎందరము అడిగాము? ఉపాధ్యాయులు, నర్సులు, మా వంటి గురువులు కూడా ఈ జాబితాలో ఉన్నాము, దానిని గూర్చి ఎక్కువ చెప్పను.

ఇక గుర్తించడము ఎట్లా? ఇది ముఖ్యమైన సంగతి, కొంచెము ఓపికగా వినండి. అలసిపోయిన మనిషి "నేను అలసిపోయాను" అని సాధారణముగా చెప్పరు. ఒళ్ళు చెపుతుంది. తలనొప్పి, మెడ పట్టుట, నడుము నొప్పి, గుండె దడ, కడుపులో మంట, కాళ్ళు గుంజుడు. రాత్రి మంచము మీద పడగానే కన్ను మూతపడవచ్చు, కానీ మూడు గంటలకు మెలకువ వచ్చి, కిస్తీ, బిడ్డ ఫీజు, కోర్టు వాయిదా అన్నీ వరుస కడతాయి. తెల్లవారి పండ్లు తోముకోవడము కూడా పెద్ద పని వలె ఉంటుంది.

తరువాత మాటలో తెలుస్తుంది. ఎప్పుడూ కలకలలాడే ఇల్లాలు ముక్తసరిగా మాట్లాడుతుంది. కుక్కరు విజిల్ వేస్తే ఉలిక్కిపడుతుంది. పిల్లవాడు పలక క్రింద పడేస్తే చెంప మీద కొడుతుంది, పది నిమిషములకు వాడిని దగ్గరకు తీసుకొని ఏడుస్తుంది. మర్చిపోవుట ఎక్కువవుతుంది. ఉప్పు రెండు సార్లు వేయుట, తాళము ఎక్కడ పెట్టినదో తెలియకపోవుట, బ్యాంకుకు పోయి పుస్తకము ఇంట్లో మరచుట. దీనిని చూచి ఇంటివారు నవ్వుతారు. నవ్వదగినది కాదు.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసిన గుర్తు మనస్సు ఎండిపోవడము. పక్షవాతముతో పడిపోయిన అత్తగారికి సేవ చేస్తున్న ఒక సహోదరి నాతో, "అయ్యగారూ, మొదట్ల తానం పోస్తుంటే అత్త అని ఉండె. ఇప్పుడు గిన్నె తోమినట్లు ఉంటుంది. నేను గింత పాపిష్టిదాన్ని ఎట్లయిన?" అన్నది. ఆమె పాపిష్టిది కాదు. చావు ఇంట్లో కన్నీరు రాకపోవుట, పెండ్లి ఇంట్లో సంతోషము రాకపోవుట, ప్రార్థనలో మాటలున్నా మనస్సు ఎక్కడో ఉండుట, ఇవన్నీ ఆ స్థితికి గుర్తులు. శక్తి తక్కువైనప్పుడు మనస్సు తన తలుపులు తానే మూసుకుంటుంది, ఇల్లు కాపాడుకోవడానికి. దయలేక కాదు.

మగవారిలో వేరే విధముగా కనిపిస్తుంది. ఏడ్వరు. కోపము వస్తుంది, లేకపోతే మాట బందు అవుతుంది. చీకటి పడినా పొలము నుండి ఇంటికి రారు. నలుగురు కూర్చున్న చోటికి పోవుట మానివేస్తారు. ఎప్పుడూ గుడిలో ముందు వరుసలో కూర్చునే పెద్దమనిషి వెనుక తలుపు దగ్గర నిలబడి, ఆశీర్వాదము కాకముందే వెళ్ళిపోతున్నాడంటే, భక్తి తగ్గిందని తీర్పు చెప్పకముందు ఆయన ఇంటికి ఒకసారి పోయి రావాలి.

ఇటువంటప్పుడు మనము ఏమి చేస్తున్నాము? మొదటిది, సీసా ఎక్కించుకోవడము. ఊరి డాక్టరు దగ్గరకు పోయి "గ్లూకోజు పెట్టండి, నీరసమున్నది" అంటాము. మామూలు ఐదు శాతము గ్లూకోజు అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఐదారు చెంచాలు! దానికి వందల రూపాయలు. ఆ మంచము మీద ఆమెకు మేలు కలిగితే, ఒక గంట సేపు ఎవరూ పని చెప్పకుండా పడుకోనిచ్చినందుకు కలిగి ఉండవచ్చునని నాకు అనుమానము.

రెండవది ఇంతకంటె ప్రమాదము. నిద్ర కోసము, రంది మరచుట కోసము కల్లు కాంపౌండుకు పోతారు. కొన్ని చోట్ల ఆ కల్లులో ఆల్ప్రాజోలము, డైజిపాము వంటి మత్తు మందులు కలుపుతారు. 2025 ఏప్రిల్‌లో మన జిల్లా నస్రుల్లాబాదు, బీర్కూరు మండలముల గ్రామములలో కల్తీ కల్లు త్రాగిన వారు పదుల సంఖ్యలో అస్వస్థులై బాన్సువాడ ఆసుపత్రికి చేరిన సంగతి మీకు తెలియనిది కాదు. త్రాగేవాడిని తిట్టడము సులభము. అతడు కొనుక్కుంటున్నది నిద్ర అని నేను అనుకుంటాను, కల్లు కాదు. ఇంకొక మాట తప్పక చెప్పాలి. అలవాటు పడిన మనిషి అటువంటి కల్లును ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, పిచ్చి మాటలు వస్తాయి, ఫిట్సు కూడా రావచ్చు. కనుక "ఈ ఆదివారము నుండి బందు" అని ప్రమాణము చేయించి ఇంటికి పంపడము మంచిది కాదు. ఆసుపత్రికి తీసుకొనిపోయి, డాక్టరు చెప్పిన విధముగా మెల్లగా మాన్పించాలి. మందుల దుకాణములో చీటీ లేకుండా కొనే నిద్ర బిళ్ళల విషయము కూడా ఇంతే.

మూడవది మనలో మనము చేసేది. "నీకు విశ్వాసము తక్కువైంది, ఇంకా ప్రార్థన చేయి, ఉపవాసముండు" అంటాము. ప్రార్థన మంచిది. అయితే తిండి, నిద్ర లేక కూలిపోయిన మనిషికి ఉపవాసము చెప్పడము, ఎండిన బోరులో మోటారును ఇంకొక గంట నడపమనడమే.

రాజుల మొదటి గ్రంథములో ఏలీయా సంగతి జ్ఞాపకము చేసుకొనండి. కర్మెలు పర్వతము మీద అంత గొప్ప జయము పొందిన ప్రవక్త మరునాడు యెజెబెలు బెదిరింపునకు భయపడి పరుగెత్తి, అరణ్యములో బదరీవృక్షము క్రింద పడి, ఇక బ్రతుకు చాలు, ప్రాణము తీసుకొమ్మని దేవుని అడిగాడు. దేవుడు ఆయనకు ప్రసంగము చేశాడా? లేదు. గద్దించాడా? లేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపితే తల దగ్గర కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి ఉన్నవి. తిని, త్రాగి, మళ్ళీ పడుకున్నాడు. రెండవ సారి లేపి తినమన్నాడు, ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొని మరీ. మాటలు ఆ తరువాత, ఎన్నో దినములకు, హోరేబులో. అక్కడ కూడా, నేనొక్కడినే మిగిలాను అన్న మనిషికి ఒంటరివాడవు కావని లెక్క చూపి, ఎలీషాను తోడుగా ఇచ్చాడు. నిద్ర, అన్నము, తరువాత మాట, తరువాత తోడు. ఈ వరుస గమనించండి. మనము తలక్రిందులుగా, మాటతో మొదలుపెట్టి అక్కడే ఆపుతున్నాము.

కాబట్టి మొదట శరీరము సంగతి. నీరసమంటే అంతా మనస్సే అని కూడా అనుకోరాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగము కంటె ఎక్కువ మందికి రక్తహీనత ఉన్నదని తేలినది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిను 12 కంటె తక్కువ ఉంటే రక్తము తక్కువ అన్నమాట. థైరాయిడు లోపము వలన, చక్కెర వ్యాధి వలన కూడా ఇటువంటి నీరసము, దిగులు రావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తము పరీక్ష చేయించుకొనండి. సీసాకు పెట్టే డబ్బు కంటె అది మేలు. నిద్ర కొరకు, రాత్రి ఏ వేళకు పడుకున్నా ఉదయము ఒకే వేళకు లేవడము, సాయంకాలము తరువాత చాయ మానడము, పడక మీద ఫోను చూడకపోవడము మంచిది. గుండె దడగా ఉన్నప్పుడు ఊపిరి మెల్లగా పీల్చి, పీల్చిన దానికంటె ఎక్కువ సేపు వదులుతూ ఐదు నిమిషములు కూర్చుంటే శరీరము శాంతిస్తుంది.

ఇంత వరకు చెప్పగానే ఆ రోజు కూడికలో ఒక అమ్మ లేచి అడిగినది: "నేను పండుకుంటే నా బీడీలు ఎవరు చేస్తరు అయ్యగారూ?"

న్యాయమైన ప్రశ్న. ఊపిరి పీల్చినంత మాత్రాన కిస్తీ తీరదు. ఒత్తిడికి మూలము బయట ఉన్నప్పుడు, లోపల ఎంత సర్దుకున్నా కొంతవరకే. అందుకే ఇది ఒక్కరి వైద్యము కాదని చెపుతున్నాను. నిర్గమకాండములో మోషే మామ యిత్రో వచ్చి చూచేసరికి మోషే ఉదయము నుండి సాయంకాలము వరకు ఒక్కడే కూర్చుండి జనులందరికీ న్యాయము తీరుస్తున్నాడు. జనము నిలబడే ఉన్నారు. యిత్రో ఆయన భక్తిని మెచ్చుకోలేదు. ఈ పద్ధతి మంచిది కాదు, నీవూ నలిగిపోతావు, వీరూ నలిగిపోతారు అని చెప్పి, వెయ్యి మందికి, నూరు మందికి, యాభై మందికి, పది మందికి పెద్దలను ఏర్పరచమన్నాడు. బయటి నుండి వచ్చిన మామ కాబట్టి చూడగలిగాడు. ఇంట్లో ఉన్నవారికి అది అలవాటైపోయి కనపడదు.

మన సంఘములలో ఏమి జరుగుతున్నది? బల్ల తుడిచేది, పండుగకు వంట చేయించేది, రోగులను చూచేది, ఆదివారపు బడి నడిపేది ఎప్పుడూ ఆ నలుగురే. వారు కాదనరు కాబట్టి వారికే చెపుతాము. ఇల్లు కూడా అంతే. ముగ్గురు కొడుకులున్న తల్లి మంచాన పడితే ఆమె భారము చిన్న కోడలి మీద. పట్నములో ఉన్న కొడుకు నెలకు డబ్బు పంపి బాధ్యత తీరినదనుకుంటాడు. డబ్బు అవసరమే, కాదనను. కానీ రెండు నెలలకొకసారి వచ్చి పది దినములు తానే తల్లిని ఎత్తి, కడిగి, రాత్రి లేచి మందు పోస్తే, తమ్ముని భార్య తన పుట్టింటికి పోయి పది రాత్రులు నిండా నిద్రపోతుంది. ఆ నిద్రను ఏ మనీయార్డరు కొనలేదు. మగవారు రోగికి సేవ చేయుట చిన్నతనమని ఎవరూ అనుకోవద్దు. పాదములు కడిగిన వాని శిష్యులము మనము.

కూడిక తరువాత సంఘ పెద్దలతో కూర్చుండి కొన్ని ఏర్పాట్లు మాట్లాడుకున్నాము. దీర్ఘ రోగి ఉన్న ప్రతి ఇంటికి వారములో ఒక మధ్యాహ్నము ఇద్దరు పోయి రోగి దగ్గర కూర్చుండాలి. బోధించడానికి కాదు, ఆ ఇంటి ఇల్లాలు పండుకోవడానికి, లేక బజారుకు పోయి రావడానికి. ఎవరింట్లో చావో, పంట నష్టమో జరిగితే మూడు దినములు తిండి తీసుకొనిపోయే ఆచారము మనకున్నది. ఆ చావు ఇంటికి నలభై దినముల తరువాత, అందరూ మరచిన తరువాత, మళ్ళీ ఒకసారి పోవాలి. గ్రూపు కిస్తీ కట్టలేని ఇంటివారు సిగ్గుపడి దాగకుండా, గ్రూపు లీడరుతో, బ్యాంకు వారితో మాట్లాడటానికి చదువుకున్న యౌవనస్థుడు ఒకడు తోడు పోవాలి. బీడీ పింఛను, పంట నష్టము కాగితముల విషయము కూడా ఇంతే. సంఘములో ఒక బాధ్యత మూడేండ్లు మోసిన వారికి ఒక సంవత్సరము విడుపు ఇవ్వాలి, అడగకముందే. ఇవి పెద్ద సంగతులు కావు. బీడీలు అడిగిన అమ్మకు నేను పూర్తి జవాబు ఇవ్వగలిగానని అనను. ఆమె ఇంటికి పోయే ఇద్దరి పేర్లు మాత్రము ఆ సాయంకాలమే వ్రాసుకున్నాము.

ఇక డాక్టరు సంగతి. అలసట ఎక్కడ ఆగి రోగము ఎక్కడ మొదలవుతుంది? భారము తగ్గించి, కొన్ని రోజులు నిద్రపోనిచ్చి, తిండి పెడితే తేరుకునేది అలసట. అట్లా తేరుకొనక, రెండు వారములు దినమంతా దిగులుగానే ఉండి, ఇష్టమైనవి ఏవీ ఇష్టము లేక, ఆకలి పోయి, నేను ఎందుకూ పనికిరాను, అందరికీ భారము అనే ఆలోచనలు వస్తుంటే అది డిప్రెషను కావచ్చు. దానికి వైద్యమున్నది. 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు జరిపిన జాతీయ సర్వేలో మానసిక రోగములున్న వారిలో నూటికి డెబ్బై మందికి పైగా ఏ వైద్యమూ పొందడము లేదని తేలినది. మన దగ్గర కారణము తెలిసినదే. మానసిక డాక్టరు అనగానే "ఎర్రగడ్డ" అని ఎగతాళి చేస్తాము. ఆ ఎగతాళి మానవలెను. నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. మందులు వ్రాసి ఇస్తే రెండు మూడు వారముల తరువాత గాని గుణము తెలియదు. నాలుగు దినములు వేసి "పని చేస్తలేవు" అని పారవేయకూడదు. గుణము కనిపించగానే సొంతముగా మానకూడదు.

ఒక మనిషి "నేను పోతే అందరికీ పీడ పోతుంది" అంటే దానిని ఊరికే అన్న మాటగా తీసుకొనవద్దు. సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తున్నదా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలా మంది భయము. అది నిజము కాదు. అడిగిన వారి దగ్గర ఆ బరువు దించుకుంటారు. ఆ రాత్రి ఆ మనిషిని ఒంటరిగా విడవకండి.

మన రైతు ఇండ్లలో ఇంకొకటి చేయాలి, ఇది ఎవరికి రంది ఉన్నా లేకపోయినా. పురుగుల మందు డబ్బాలు అటక మీద, తలుపు చాటున, మంచము క్రింద పెట్టుకుంటున్నాము. అవి తాళము వేసిన పెట్టెలో ఉండాలి, తాళపు చెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. మిగిలిన మందు ఇంట్లో ఉంచకూడదు. ప్రాణము తీసుకోవాలనే తీవ్రత చాలా మందిలో కొద్ది సేపే ఉంటుంది. ఆ కొద్ది సేపు చేతికి డబ్బా అందకపోతే మనిషి మిగులుతాడు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుల మందులను ఒకటొకటిగా నిషేధించిన తరువాత, 1995 నుండి ఇరవై ఏండ్లలో ఆత్మహత్యల రేటు సుమారు డెబ్బై శాతము తగ్గినది. అక్కడి మనుష్యుల కష్టములు డెబ్బై శాతము తగ్గలేదు కదా!

ఎవరైనా అటువంటి ప్రయత్నము చేస్తే పోలీసు కేసు అవుతుందని ఇంట్లో దాచి, ఉప్పు నీళ్ళు త్రాగించి, ఆలస్యము చేస్తున్నారు. ఆ భయము వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వము వైద్యము, సహాయము అందించాలి. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఏ మందు త్రాగారో ఆ డబ్బా కూడా తీసుకొనిపోవాలి.

ఆసుపత్రి దూరమని, సిగ్గని అనుకునే వారికి టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఫోను సేవ ఉన్నది. నంబరు 14416. డబ్బు లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడుతారు. ఈ నంబరును గుడి తలుపు ప్రక్కన నల్లబల్ల మీద, ఆదివారపు పాటల నంబర్లు వ్రాసే చోటి క్రింద, పెద్ద అక్షరములతో వ్రాయించాము. చదువు రాని వారు ఆదివారపు బడి పిల్లలను అడిగితే నొక్కి ఇస్తారు.